పశువు ఒంటిలోని కావలి కణములు, క్రిములు వాటిని ఏమార్చు విధము



ఒకే పాకలో ప్రక్కప్రక్కన కట్టిన రెండు ఆవులను తలచుకొనుడు. ఒకటి నాటుది, రెండవది సంకరజాతిది. మేత ఒకటే, కుడితి ఒకటే. తొలకరి వానలు పడిన తరువాత రెండింటికిని చెవులలోపల, పొదుగు దగ్గర, తోక మొదట పిడుదులు పట్టినవి. కొన్ని జిల్లాలలో వీటినే గోమార్లు అందురు. రెండు మూడు వారములలో నాటు ఆవు ఒక పూట మేత మాని, మరునాటికి తేరుకొన్నది. సంకరజాతి ఆవుకు తీవ్రముగా జ్వరము వచ్చి, పాలు తగ్గి, కన్నుల నీరు కారి, కొలది దినములలో నేలబడినది. పిడుదులు ఒకటే, అవి ఎక్కించిన క్రిమియు ఒకటే. మరి తేడా ఎక్కడనున్నది?

నేను పైరుల శాస్త్రము బోధించువాడను, పశువైద్యుడను కాను. అయినను ఈ ప్రశ్న నన్ను విడువకపోవుటకు కారణమున్నది. మా ఇంట రెండవ ఈత సంకరజాతి ఆవు యొకటి ఇట్లే పోయినది. మొదటి దినము దాని భుజమునకు ముందు కోడిగ్రుడ్డంత బిళ్ళ కనబడినది. ప్రక్క ఆవు కొమ్ము తగిలినదనుకొని పసుపు పట్టించితిమి. జ్వరమును ఎండదెబ్బ అనుకొంటిమి. నాలుగు దినములు గడచిన పిమ్మట డాక్టరుగారు వచ్చి, బిళ్ళలో సూది గ్రుచ్చి, తీసిన రసమును గాజుపలకపై పరీక్షించి థైలీరియా అని చెప్పిరి. మందు వేసిరి గాని అప్పటికే వేళ మించినది. ఆ బిళ్ళలో ఏమి జరుగుచున్నదో తెలిసియుండినచో మేము నాలుగు దినములు ఊరకుండెడివారము కాము. ఆ సంగతియే ఈ వ్యాసమున చెప్పదలచితిని.

బిళ్ళలో జరుగు పని

భుజము ముందర, చెవి క్రింద, పొదుగు పైభాగమున తగులు ఈ బిళ్ళలు వట్టి వాపులు కావు. ఇవి శోషరస గ్రంథులు. పోలీసు ఠాణాల వంటివి. ఆ ప్రాంతమున ఏ క్రిమి ప్రవేశించినను తెల్ల రక్తకణములు అచ్చట గుమికూడి దానితో పోరాడును.

థైలీరియా క్రిమి చేయు పని విచిత్రమైనది. అది పిడుదు లాలాజలముతో పశువు ఒంటిలో ప్రవేశించి, తనను పట్టుకొనవలసిన తెల్లకణములోనికే దూరును. అచ్చట కాపురము పెట్టి, ఆ కణమును ఆగకుండ విభజన చెందునట్లు చేయును. కణము రెండైనప్పుడెల్ల లోపలి క్రిమియు రెండుగా విడిపోయి రెండింటిలోను భాగము పంచుకొనును. కొలది దినములలో పాడైన తెల్లకణములు లక్షలుగా పెరిగిపోవును. మనకు చేతికి తగులు బిళ్ళ ఇదే. పెరుగుట పుట్టకురుపు రీతిగనే సాగును గాని ఒక భేదము కలదు: మందుతో లోపలి క్రిమిని చంపినచో కణము ఆ వెర్రి పెరుగుదలను మానును. సూక్ష్మదర్శినిలో ఈ క్రిములు నీలి కణికల వలె కనబడును. రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుని పేరుమీదుగా వాటిని కాక్ నీలి కణికలు అందురు.

ఠాణాలోనే దొంగ కాపురమున్నప్పుడు వానిని పట్టువారెవరు?

సహజ సంహారక కణములు

రక్తములోని తెల్లకణములలో పలు తెగలున్నవి. వాటిలో చాలవరకు శత్రువును ఒకసారి చూచి, నేర్చుకొని, సేనను పెంచుకొని గాని యుద్ధమునకు రావు. ఇందుకు వారము పది దినములు పట్టును. ఈ లోపల పశువును కాచునవి వేరొక తెగ కణములు. వీటికి ముందుగా శిక్షణ అక్కరలేదు. ఇతర కణములను తడవి చూచి, చెడినదానిని అప్పటికప్పుడే చంపగలవు. 1975లో స్వీడను దేశమున స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్ అనువారును, అదే కాలమున అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందమువారును వీటిని వర్ణించిరి. సహజముగనే చంపు శక్తి కలవి గనుక సహజ సంహారక కణములని పేరు. మనుష్యుల రక్తమున తిరుగు లింఫోసైట్లు అను తెల్లకణములలో నూటికి 5 మొదలు 15 వరకు ఇవియే.

చంపు శక్తి ఉన్నదనుట గొప్ప కాదు. ఎవరిని చంపవలెనో, ఎవరిని విడువవలెనో తెలియుట గొప్ప. తన ఒంటి కణములనే చంపుకొన్నచో పశువు బ్రతుకదు. ఈ వివేకమంతయు ఆ కణముల పైపొరపై నున్న గ్రాహకములలో ఉన్నది. గ్రాహకములనగా మాంసకృత్తులతో నిర్మితమైన చేతులు అనుకొనుడు. ఎదుటి కణము పైపొరను తడవి, అచ్చట ఏ గుర్తులున్నవో తెలిసికొనుట వీటి పని.

కళ్ళము దగ్గర కాపలా కుక్కను చూచియుందురు. దానికి ఊరిలోని దొంగల జాబితా ఎవరును ఇయ్యలేదు. అయినను అది కాపలా కాయును. ఎట్లు? యజమాని వాసన వచ్చినచో ఊరకుండును. ఆ వాసన లేనివాడు చీకటిలో తడబడుచు వచ్చినచో మీదపడును. సహజ సంహారక కణము చేయునదియు ఇదియే. ఆరోగ్యముగనున్న కణములు దాదాపు అన్నియు తమ పైపొరపై ‘మేము నీ ఒంటివారమే’ అని చాటు ఒక గుర్తును నిలుపుకొనును. ఆ గుర్తును తాకగనే సంహారక కణముపై నున్న నిరోధక గ్రాహకములు ‘ఆగుము’ అను ఆజ్ఞను లోపలికి పంపును. క్రిమి పట్టిన కణములలోను, పుట్టకురుపు కణములలోను ఈ గుర్తు తరచుగా తగ్గిపోవును. అప్పుడు ఆగుమను ఆజ్ఞ రాదు. స్వీడనుకే చెందిన క్లాస్ కార్రె, అతని తోడివారు 1986లో ఈ సూత్రమును ప్రయోగముతో చూపిరి. పరాయి గుర్తు ఉన్నదా అని గాక, సొంత గుర్తు లేదా అని వెదకు కాపలా ఇది.

అయితే గుర్తు లేనంత మాత్రమున చంపుట లేదు. మన ఎర్ర రక్తకణములను చూడుడు. వాటిపై ఈ సొంత గుర్తు బహు స్వల్పము. అయినను ఆరోగ్యముగా నున్న ఎర్రకణము జోలికి సంహారక కణము పోదు. ఏలయన, ‘పట్టుకొనుము’ అని ప్రేరేపించు గుర్తులు కూడ దానిపై లేవు. కష్టములో పడిన కణము, క్రిమి చేరిన కణము తన పైపొరపై కొన్ని క్రొత్త మాంసకృత్తులను పైకి తెచ్చును. ప్రేరక గ్రాహకములు అను రెండవ రకపు చేతులు వీటిని పట్టును. ఒక ప్రక్క ‘ఆగుము’, ఒక ప్రక్క ‘పట్టుకొనుము’. త్రాసు ఎటు మొగ్గునో అటే కణము నడచును. త్రాసు ఎంత మొగ్గవలెననుటలోనే పశువు ప్రాణము ఉన్నది.

మూడవ రకపు చేయి ఒకటి కలదు. రోగము ఒకసారి వచ్చి తగ్గిన తరువాత, లేదా కొన్ని టీకాలు వేసిన తరువాత, రక్తములో ప్రతిరక్షకములు పుట్టును. అవి క్రిమి పట్టిన కణమునకు అంటుకొని జెండా పాతినట్లు నిలుచును. సంహారక కణము ఆ జెండా కఱ్ఱను పట్టుకొని కణమును చంపును. మలేరియా సోకిన ఎర్రకణములను సంహారక కణములు ఇట్లు ప్రతిరక్షకముల సాయముతో చీల్చగలవని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి.

ఆవులలో ఈ చేతులు

మనుష్యులలో నిరోధక గ్రాహకములలో ముఖ్యమైనవి కిర్ అను తెగకు చెందినవి. ఎలుకలలో అదే పనిని లై-49 అను వేరొక తెగ గ్రాహకములు చేయును. ఆవుల విషయము చూచినప్పుడు శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము కలిగినది. ఆవులో లై-49 జన్యువు ఒక్కటే కలదు. కిర్ జన్యువులు మాత్రము పెక్కు గలవు. ఈ విషయమున ఆవు ఎలుకకంటె మనకే దగ్గర. మనుష్యులలో కిర్ జన్యువుల సంఖ్యయు, రకములును ఒకరినుండి యొకరికి మారును. కావున ఒకే క్రిమి ఎదురైనప్పుడు అందరి కావలి కణములు ఒకే తీరున స్పందింపవు.

ఆవు కావలి కణములు పరాన్నజీవిపై ఏమి చేయునో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిరి. ఆవులలో ఈచుకుపోవుటకు కారణమగు నియోస్పోరా అను ఏకకణ క్రిమిని వారు తీసికొనిరి. ఆవు సహజ సంహారక కణములు ఆ క్రిమి ఎదురుకాగనే గామా ఇంటర్ఫెరాన్ అను పదార్థమును విడిచినవి. క్రిమి సోకిన కణములను చంపినవి. ఇతర కణముల ప్రేరణ కొఱకు అవి వేచియుండలేదు. (నియోస్పోరా కుక్క మలము ద్వారా మేతలో చేరును. పైన కుక్కను మెచ్చుకొంటిని గాని, ఈచుకుపోయిన పిండమును, మాయను కుక్కలకు దొరకకుండ లోతుగా పాతిపెట్టవలెను. మేత కుప్పల దగ్గరకు కుక్కలను రానీయరాదు.)

గామా ఇంటర్ఫెరాన్ ఎందుకు ముఖ్యము? అది దండోరా వంటిది. అది వినగనే క్రిములను మ్రింగు మహాభక్షక కణములు మేలుకొని నైట్రిక్ ఆక్సైడు అను విషవాయువును తయారుచేయును. థైలీరియా క్రిములకు ఈ వాయువు పడదు. నేర్చుకొని వచ్చు కణముల సేనయు ఆ దండోరాతోనే త్వరపడును. కావున సంహారక కణము చంపిన వాటికంటె, అది తొలి దినములలో వేసిన కేకయే పశువును ఎక్కువగా కాపాడుననవచ్చును.

యజమాని గొంగడి కప్పుకొన్న దొంగ

కాపలా కుక్క వాసనతో గుర్తించునని తెలిసిన దొంగ ఏమి చేయును? యజమాని గొంగడి కప్పుకొని వచ్చును. పరాన్నజీవులును ఇదే పని చేయును. దీనికి మిక్కిలి స్పష్టమైన ఉదాహరణము మనుష్యుల మలేరియాలో దొరికినది. మలేరియా కథకు మన గడ్డతో సంబంధము కలదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులోనే చూచెను.

మలేరియాలలో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకపు క్రిమి ఎర్రకణములో చేరి, రిఫిన్ అను మాంసకృత్తులను ఆ కణము పైపొరకు పంపును. ఈ క్రిమికి రిఫిన్ జన్యువులు సుమారు 150 గలవు. ఒక చొక్కా పట్టుబడినచో ఇంకొకటి తొడుగుకొనును. ఇన్ని చొక్కాలు ఎందుకో చాలకాలము బోధపడలేదు. 2017లో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టిరి. రిఫిన్లలో కొన్ని సంహారక కణముల నిరోధక గ్రాహకమును తాకి, ‘ఆగుము’ అను ఆజ్ఞను తామే పుట్టించుచున్నవి. కుక్క తోక ఆడించి ఊరకుండును, దొంగ లోపల తన పని చూచుకొనును. తీవ్ర మలేరియా వచ్చిన రోగుల నుండి తీసిన క్రిములు ఈ గ్రాహకమును ఎక్కువగా పట్టుకొనుచున్నవనియు వారు కనుగొనిరి.

కథ ఇంతటితో ముగియలేదు. కిర్ తెగలో రెండు గ్రాహకములు కవల పిల్లలవలె ఉండును. బయటి రూపు దాదాపు ఒకటే, లోపలి ఆజ్ఞ మాత్రము విరుద్ధము. ఒకటి ఆగుమనును, రెండవది పట్టుకొనుమనును. 2025లో ప్రకటితమైన పరిశోధనలో కొన్ని రిఫిన్లు ఈ రెండింటిని కూడ తాకునని తేలినది. మొదటి దానిని తాకినచో కావలి కణము నిద్రపోవును. రెండవది ఉన్నవారిలో అదే రిఫిన్ వలన కావలి కణము మేలుకొనును. దొంగ గొంగడి కప్పుకొని వచ్చుట చూచి చూచి, గొంగడినే దొంగగుర్తుగా ఎంచు కుక్కలు పుట్టినవన్న మాట. ఎన్నో తరములుగా క్రిమికిని, ఒంటికిని జరుగుచున్న పోరులో ఇది యొక ఎత్తు, అది యొక పైయెత్తు. చీడలకు తట్టుకొను వంగడమును మనము తెచ్చుట, నాలుగేండ్లకు చీడ దానిని జయించుట మీరు పొలములో చూచుచునే యున్నారు.

ఎక్కువ పోరు ఎల్లప్పుడు మేలు కాదు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నాటు పశువు ఎందుకు నిలిచినది? దానిలో పోరు ఎక్కువ గనుక అని మీరు అనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని బ్రిటనులో సాహివాల్ దూడలకును, హోల్‌స్టీన్ దూడలకును ఒకే మోతాదున థైలీరియా ఎక్కించి చూచిన పరిశోధన 2005లో వెలువడినది. అందు హోల్‌స్టీన్ దూడలకు రోగము తీవ్రమైనది. సాహివాల్ దూడలు తట్టుకొని బ్రతికినవి. వాటి జ్వరము తక్కువ. ఒంటిలో మంట పుట్టినప్పుడు రక్తమున పెరుగు మాంసకృత్తులును తక్కువ. అనగా బలహీనమైన పశువులోనే మంట ఎక్కువైనది. కేకలు మితిమీరినచో మహాభక్షక కణములు విడిచిన పదార్థములు క్రిమిని మాత్రమే గాక పశువును కూడ కాల్చును. జ్వరము, మేత మానుట, కండ కరుగుట చాలవరకు ఆ మంట వలన కలుగునవియే.

కనుక మంచి రోగనిరోధక శక్తి అనగా వేళకు మేలుకొని, తగినంత పోరి, వేళకు ఆగగల శక్తి. పైన చెప్పిన ఆగుమను చేతులు, పట్టుకొనుమను చేతులు రెండును పశువుకు అవసరమే. ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అని అమ్ము పొడులను, సీసాలను చూచినప్పుడు ఈ మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సంకరజాతి పశువులను మానుకొనుమని నా భావము కాదు. వాటి పాలతోనే ఎన్నో ఇండ్లు నడచుచున్నవి. వాటి కావలికి మన కావలి తోడు కావలెనని మాత్రమే చెప్పుచున్నాను.

మీరు చేయదగిన పనులు

ఆవు సాధారణపు వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారెన్‌హీటు. జ్వరమానిని యొకటి ఇంట ఉంచుకొనుడు, ఖరీదు స్వల్పము. వేడి 104 దాటి, భుజము ముందర గాని చెవి క్రింద గాని బిళ్ళ తగిలినచో ఎండదెబ్బ అనుకొని కూర్చుండరాదు. ఆ దినమే పశువైద్యుని పిలువవలెను. రక్తమును, బిళ్ళ రసమును పరీక్ష చేయించవలెను. థైలీరియాకు బుపార్వాకోన్ అను మందు కలదు. తెల్లకణములలో క్రిమి ఉన్న తొలి దశలో ఇది చక్కగా పనిచేయును. క్రిమి ఎర్రకణములలోనికి చేరి, రక్తము క్షీణించి, కనురెప్పల లోపలి భాగము పాలిపోయి, ఊపిరి కష్టమైన తరువాత ఫలము తగ్గిపోవును.

జ్వరము దిగుటకని ఎవరో ఒకరిచేత స్టీరాయిడు సూదులు వేయించు అలవాటు పల్లెలలో కలదు. జ్వరము దిగును, పశువు ఒక పూట మేత తినును, రైతు సంతోషించును. కాని ఆ మందు కావలి కణములను నిద్రపుచ్చును. దొంగ పడిన ఇంటిలో కుక్కను కట్టివేసినట్లగును. పరీక్ష కాకుండ అట్టి సూదిని వేయనీయకుడు. ఏ మందు వేయుచున్నారో అడుగుటకు మొగమాటపడకుడు.

థైలీరియాకు మన దేశములో టీకా తయారైనది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థవారి రక్షావాక్-టి అట్టిది. క్రిమి పట్టిన కణములనే ప్రయోగశాలలో చాలకాలము పెంచి, క్రూరత్వమును తగ్గించి, ద్రవ నైట్రోజనులో భద్రపరతురు. ఇది ఒంటిలోని సేనకు శత్రువును ముందుగనే పరిచయము చేయును. దూడ వయస్సును, ఆవు చూడి నెలలను డాక్టరుగారికి చెప్పి, వారి సలహా మీదనే వేయించవలెను.

అన్నిటికంటె చౌకయైన పని పిడుదులను ఏరుట. పిడుదు కరచిన వెంటనే క్రిమి ఎక్కదు. పిడుదు ఉమ్మి గ్రంథులలో క్రిమి పక్వమగుటకు అది పశువును పట్టుకొని రెండు మూడు దినములు రక్తము త్రాగవలెను. కావున ప్రతి దినము చెవులు, గంగడోలు మడతలు, తొడల లోపలి భాగము, తోక క్రింద తడవి చూచి ఏరివేసినచో చాలవరకు ముప్పు తప్పును. వాటిని వ్రేళ్ళతో నలుపరాదు. ఈ జాతి పిడుదుల ద్వారా మనుష్యులకు వచ్చు కాంగో జ్వరము 2011లో గుజరాతులో ప్రాణములు తీసినది. చేతికి తొడుగు వేసికొనియో, శ్రావణముతోనో ఊడబెరికి కిరసనాయిలు పోసిన డబ్బాలో వేయుడు. మందు పిచికారి చేయునప్పుడు పశువు ఒంటిపై చల్లి ఊరకుండరాదు. రక్తము త్రాగి ఉబ్బిన పిడుదులు రాలిపడి గోడ పగుళ్ళలోను, గాడి మూలలలోను, పాక గుంజల నెఱ్ఱెలలోను దాగి గ్రుడ్లు పెట్టును. వానలకు ముందే ఆ పగుళ్ళను సిమెంటుతోనో, బురదమట్టితోనో పూడ్చి, సున్నము వేయించుడు. పాత పాకలలో ఈ పని ఒక్క దినములో ముగియదు. ఒక్కొక్క ఆదివారము ఒక్కొక్క గోడ చొప్పున పెట్టుకొన్నచో మృగశిర కార్తె నాటికి పూర్తియగును.